నల్లగొండ ఎండలో నీలం రంగు నిలుస్తుందా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది నార్కట్‌పల్లి దగ్గర ఒక పల్లె. బీఎస్సీ మైక్రోబయాలజీ చదివాను. బోర్లు ఎండి నాన్న వేసిన రెండెకరాల బత్తాయి తోట పోయింది. ఇప్పుడు ఒక్క బోరులో ఇంచు నీళ్లు వస్తున్నాయి. స్పిరులినా అనే తినే నాచును పెంచి దాంట్లోంచి నీలం రంగు తీస్తే మంచి రేటు వస్తుందని వీడియోల్లో చూశాను. దానికి ఎడారి ఎండ కావాలట, మన నల్లగొండ ఎండకు తిరుగే లేదట. మార్చిలో మేడ మీద రెండు వందల లీటర్ల నల్ల టబ్బులో మొదలుపెట్టాను. ఏప్రిల్ చివరి దాకా చిక్కగా, పచ్చగా వచ్చింది. మే మొదటి వారంలో నీళ్లు నీలంగా మారాయి. రెండు రోజులకు పసుపు నురగ, ఒకటే కంపు. ఇప్పుడు ఒక కంపెనీ వాళ్లు మూడున్నర లక్షలు కడితే ప్లాస్టిక్ కప్పిన పాలీహౌస్, కిట్టు ఇచ్చి సరుకంతా మేమే కొంటామంటున్నారు. పోచంపల్లిలో మా మేనమామకు మగ్గం ఉంది, నూలుకు ఈ రంగు పనికొస్తుందా అని ఆయన అడుగుతున్నాడు. డబ్బు కట్టమంటారా?

జవాబు: తమ్మీ, ఇంకా కట్టలేదు కదా? కట్టకు. ఎందుకో తర్వాత చెప్తాను, ముందు నీ టబ్బు సంగతి చూద్దాం.

"నీళ్లు నీలంగా మారాయి" అని ఒక్క ముక్కలో రాసి వదిలేశావు. నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట అదే. నువ్వు అమ్ముదామనుకుంటున్న రంగు అదే మరి. దాని పేరు ఫైకోసయనిన్. నీళ్లలో కరిగే ప్రొటీన్ అది. స్పిరులినా కణం బతికున్నంత వరకు లోపలే ఉంటుంది. బయట మనకు కనపడేది పచ్చదనమే. కణం చచ్చి గోడ పగిలితే ముందుగా కారేది ఈ నీలమే. అంటే మే మొదటి వారంలో నీ పంట మొత్తం ఒక్కసారిగా చచ్చి, సరుకంతా నీళ్లపాలైంది.

నాకూ ఇదే జరిగింది. జడ్చర్ల దగ్గర మా చేనులో మొదటి ఏడు ఇరవై చదరపు మీటర్ల తొట్టి కట్టి, దాని మీద అప్పు చేసి మరీ పాలీహౌస్ వేయించాను. ఏప్రిల్ మధ్యలో ఒక రోజు పెళ్లికి పోయి సాయంత్రం వచ్చాను. తలుపు తీయగానే వేడి ఆవిరి ముఖాన కొట్టింది. నీళ్లలో థర్మామీటరు ముంచితే 44 డిగ్రీలు. పొద్దున్నే లేచి చూస్తే తొట్టి అంచుల వెంట నీళ్లు నీలంగా ఉన్నాయి. మా అత్తమ్మ వచ్చి "బట్టల నీలిమందు ఇందులో పోశావా ఏంది?" అని అడిగింది. ఒక గాజు గ్లాసు ముంచి ఎండకు పట్టుకున్నాను. ఎదురుగా చూస్తే నీలం, పక్క నుంచి చూస్తే ద్రాక్షరసంలా ఎర్రటి మెరుపు. అంత అందమైన రంగును నా చేత్తోనే కాలువలోకి వదిలేశాను. ఆ ఎర్ర మెరుపును గుర్తుపెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

స్పిరులినాకు 30 నుంచి 35 డిగ్రీల నీళ్లు బాగా ఇష్టం. 38 దాటితే ఎదుగుదల మందగిస్తుంది. 40 దాటి గంటలు గడిస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఇక్కడ లెక్క గాలిది కాదు, నీళ్లది. బయట 44 డిగ్రీలున్నా మట్టి రంజన్‌లో నీళ్లు చల్లగానే ఉంటాయి కదా, ఆవిరైపోయే నీరు వేడిని తనతో పట్టుకుపోతుంది. తెరిచి ఉన్న తొట్టికీ అదే సూత్రం. మన ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తొట్టి మీద నీడ ఉంటే నీళ్లు గాలికంటే చల్లగానే ఉంటాయి. పాలీహౌస్ వేశావంటే ఆ గాలిని కట్టేసినట్టే. లోపల తేమ నిండుతుంది, ఆవిరి ఆగిపోతుంది, నీళ్లు ఉడుకుతాయి. చలిదేశాల వాళ్లు వేడి కోసం వేసుకునే గుడారాన్ని తెచ్చి మన నెత్తిన పెడుతున్నారు. నీ టబ్బుదీ ఇదే కథ. నల్ల ప్లాస్టిక్, మేడ మీది సిమెంటు, నాలుగు వైపుల నుంచి ఎండ.

ఎడారి ఎండ కావాలన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. ఆఫ్రికాలో చాద్ సరస్సు ఒడ్డున, సహారా అంచున, కనెంబు తెగ ఆడవాళ్లు తరతరాలుగా దీన్ని గుడ్డతో, బుట్టతో వడగట్టి ఇసుక మీద పోసి ఎండబెడతారు. ఇసుక నీటిని పీల్చేస్తే మిగిలిన పచ్చని అట్టను ముక్కలు చేసి కూరల్లో వేసుకుంటారు. దాన్ని దిహే అంటారు. అమెరికాలో సోనోరన్ ఎడారిలోని ఇంపీరియల్ వ్యాలీలో పెద్ద పెద్ద స్పిరులినా తొట్లు కట్టారు. అవి పాలీహౌస్‌లు కావు, ఆకాశం కింద తెరిచి ఉన్న తొట్లు. ఎడారి కదా అని బోరు నీళ్లతోనూ నడపలేదు. ఆ లోయకు కాలువల్లో కొలరాడో నది వస్తుంది. వీడియోల్లో ఎండ సంగతి చెప్తారు, ఈ నది సంగతి ఒక్కరూ చెప్పరు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. నీ ఉత్తరంలో ఎడారి ఎండ, నల్లగొండ ఎండ అని రాశావు, నీళ్ల గురించి "ఇంచు" అన్న ఒక్క మాట ఉంది.

కాగితం తీసుకుని లెక్క వేద్దాం. ఇరవై చదరపు మీటర్ల తొట్టిలో 20 సెంటీమీటర్ల లోతు నీళ్లంటే నాలుగు వేల లీటర్లు. ఎండాకాలంలో రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైతే 160 లీటర్లు పోయినట్టు. అంటే 25 రోజుల్లో తొట్టెడు నీళ్లు గాలిలో కలిసిపోతాయి. నువ్వు రోజూ బోరు నీళ్లు పోసి నింపుతావు. ఆవిరయ్యేది నీరొక్కటే, అందులోని ఉప్పులన్నీ తొట్టిలోనే కూర్చుంటాయి. మీ వైపు గ్రానైటు రాళ్లలోంచి నీళ్లలోకి ఫ్లోరైడ్ దిగుతుందని నీకు వేరే చెప్పాలా? పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు నల్లగొండ పేరే పెట్టారు, అంతటి ఖ్యాతి మనది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చని ప్రమాణం. మీ బోరులో 3 ఉందనుకో. 25 రోజులకు తొట్టిలో 6, యాభై రోజులకు 9, డెబ్బై ఐదు రోజులకు 12 అవుతుంది.

అది పిండిలోకి ఎంత వస్తుందో కూడా చూడు. వడగట్టి పిండిన ముద్దలో అయిదింట నాలుగు వంతులు నీళ్లే. కిలో పొడి కావాలంటే ఐదు కిలోల ముద్ద ఎండాలి, అందులో నాలుగు లీటర్ల తొట్టి నీళ్లున్నట్టు. కడగకుండా ఎండబెడితే ఆ నాలుగు లీటర్లలోని 48 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ కిలో పొడిలో మిగిలిపోతుంది. రోజుకు ఒక చెంచా తినేవాడికి అది కొంచెమే. కానీ ఆ చెంచా తినేది మన జిల్లా మనిషే అయితే, నీళ్లలో ఇప్పటికే తాగుతున్న దాని మీద ఇది అదనం. ఎముకల బలానికని మనం అమ్మే పొడిలో అది ఉండటం నాకైతే ఒప్పదు.

ఫ్లోరైడ్ ఒక్కటే కాదు. బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువుంటే, పీహెచ్ 10 దగ్గర, అంటే నీళ్లు బాగా క్షారంగా ఉన్నప్పుడు, తొట్టిలో వేసే వంటసోడాతో కలిసి తెల్లటి సున్నంగా విరిగిపోతుంది. నీళ్లు పాలలా మారి, నాచును కూడా పట్టుకుని అడుక్కి దిగుతుంది. పోసిన ఫాస్ఫేటు కూడా దాంతోపాటే పోతుంది. నాచుకు జబ్బు చేసిందని మందులు వెతికేవాళ్లను చూశాను. జబ్బేమీ ఉండదు, నీళ్లు గట్టివి, అంతే.

కాబట్టి మొదటి ఖర్చు వాన నీటి మీద పెట్టు. మీ ఇంటి స్లాబు ముప్పై బై ముప్పై అడుగులున్నా, ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడితే, ఐదో వంతు వృథా పోయినా నలభై ఐదు వేల లీటర్లకు పైనే దొరుకుతాయి. బత్తాయి కోసం కవరు పరిచిన నీటికుంట ఏదైనా ఉంటే ఇంకా మంచిది, కాకపోతే పైన నీడ వేయి. ఊళ్లో ఆర్వో ప్లాంటు నీళ్లు మొదటిసారి తొట్టి నింపడానికి సరే, రోజూ 160 లీటర్లు, అంటే ఎనిమిది క్యాన్లు కొని పోస్తూ పోతే లాభం అక్కడే కరిగిపోతుంది. ముందు మీ బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి పరీక్షకు ఇయ్యి. ఫ్లోరైడ్, కాల్షియం, మెగ్నీషియం, పీహెచ్, వీటితోపాటు ఆర్సెనిక్, సీసం కూడా చూడమను.

తొట్టి సంగతి గబగబా చెప్పేస్తాను. సిమెంటు తొట్టి అయితే సున్నం ఊరడం తగ్గేదాకా నీళ్లు నింపి పారబోస్తూ ఉండు. టార్పాలిన్ పరిస్తే లేత రంగుది పరువు. పైన సగం ఎండను ఆపే షేడ్ నెట్ వేసి, పక్కలు గాలికి వదిలేయి. గాలిదుమారం వచ్చే వైపు మాత్రం పాత చీరలు కట్టినా చాలు. ఎండలు మొదలయ్యాక లోతు 30 సెంటీమీటర్లకు పెంచు, నీళ్లు ఎక్కువుంటే తొందరగా వేడెక్కవు. కలపడానికి కొత్త చీపురు చాలు, పగలు గంటన్నరకోసారి. వేగంగా తిరిగే మోటారు పెడితే స్ప్రింగుల్లా ఉండే నాచు తీగలు తెగిపోతాయి, ఆ తర్వాత గుడ్డలో నిలవవు.

విత్తనం మాత్రం ఊరి చెరువు మీది పచ్చ తెట్టె నుంచి తీయకు. చూడటానికి ఒకేలా ఉన్నా అందులో కాలేయాన్ని దెబ్బతీసే విషాలు చేసే సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవులు ఉండవచ్చు. నమ్మకమైన ల్యాబ్ నుంచి తెచ్చుకుని, మైక్రోస్కోపు కింద నువ్వే చూడు. అంతా మెలికలు తిరిగిన తీగలే కనపడాలి. మైక్రోబయాలజీ చదివినందుకు ఇక్కడ పనికొస్తుంది.

మేతకు పుస్తకాల్లో ఉండేది జరూక్ మీడియం. లీటరుకు 16.8 గ్రాముల సోడియం బైకార్బొనేట్ (వంటసోడా), 2.5 గ్రాముల సోడియం నైట్రేట్, ఇంకా ఫాస్ఫేటు, పొటాష్, మెగ్నీషియం, కొంచెం ఇనుము. ఆ లెక్కన నీ నాలుగు వేల లీటర్లకు సోడా ఒక్కటే 67 కిలోలు. నేను లీటరుకు 8 గ్రాములతో మొదలుపెట్టి 32 కిలోలతో సరిపెట్టాను, కల్లుప్పు కొంచెం ఎక్కువ వేశాను, బాగానే వచ్చింది. తినే సరుకు కాబట్టి తినే సోడానే కొను. పాలమూరు సౌడు నేలల్లో సోడా ఊరికే దొరుకుతుంది కదా అని ఒక పెద్దాయన నాకు సలహా ఇచ్చాడు. ఆ మట్టితో బట్టలుతికిన రోజులున్నాయి, తినే రోజులు లేవు. పీహెచ్ 9.5 నుంచి 10.5 మధ్య ఉంటే వేరే నాచులు దాదాపు దరి చేరవు.

యూరియా గురించి నువ్వు అడగకపోయినా చెప్పాలి, అందరూ చేసే తప్పది. ఇంట్లో బస్తా ఉంటుంది, గుప్పెడు వేస్తారు. మన దగ్గర దొరికే యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, అది పొలానికి. పైగా ఆ పీహెచ్‌లో, ఆ వేడిలో యూరియా అమ్మోనియాగా మారి తొట్టినే చంపేస్తుంది. నైట్రేటుతోనే పో. అట్లని నత్రజని తక్కువా చేయకు. ఈ నాచుకు నీలం ప్రొటీన్ ఒక ధాన్యం గాదె లాంటిది. నత్రజని అందకపోతే ముందు ఆ గాదెనే తవ్వుకుని తింటుంది. తొట్టి పచ్చ నుంచి పసుపుకు తిరుగుతుందంటే నీ నీలాన్ని అది తినేస్తోందన్న మాట.

వెలుతురు విషయం కూడా ఇలాంటిదే, వీడియోల వాళ్లు తలకిందులుగా చెప్తున్నారు. ఫైకోసయనిన్ పని వెలుతురును పట్టి అందించడం. వెలుతురు తక్కువుంటే కణం దాన్ని ఎక్కువ చేసుకుంటుంది, ఎండ మండిపోతుంటే అవసరం లేక తగ్గించుకుంటుంది. నిండు ఎండలో బరువు ఎక్కువ రావచ్చు, రంగు మాత్రం పలచబడుతుంది. నీకు కావలసింది రంగు కాబట్టి నీడే నీ స్నేహితుడు. చలికాలం పొద్దున్నే నీళ్లు పదిహేను డిగ్రీల దగ్గరుండి పైన ఎండ చుర్రుమన్నా దానికి దెబ్బే, అప్పుడు కూడా నెట్ తీయకు.

మన దగ్గర నాకు కలిసొచ్చిన కాలం ఆగస్టు చివరి నుంచి నవంబరు దాకా, మళ్లీ ఫిబ్రవరి, మార్చి. డిసెంబరు, జనవరిలో మెల్లగా నడుస్తుంది. ఏప్రిల్ సగం నుంచి తొలకరి దాకా తొట్టి ఖాళీ చేసేస్తాను. విత్తనం ఇరవై లీటర్ల క్యాన్లు రెండింటిలో, ఇంట్లో ఉత్తరం వైపు కిటికీ దగ్గర ఉంటుంది. జొన్న విత్తనం దాచుకోమా, ఇదీ అంతే. "నల్లగొండ ఎండకు తిరుగు లేదు" అన్నవాళ్లను మే నెలలో వాళ్ల తొట్టి చూపించమను.

కోత పొద్దున్నే. కర్ర చివర తెల్ల మూత బిగించి నీళ్లలో దించు. రెండు మూడు సెంటీమీటర్ల లోతుకే కనపడకుండా పోతే కోతకు వచ్చినట్టు. సన్నటి నైలాన్ గుడ్డలో వడగట్టి, మంచినీళ్లతో రెండుసార్లు త్వరగా కడుగు. ఇక్కడ తొందరే మంచిది. ఉప్పునీళ్లలో పెరిగిన కణం మంచినీళ్లు తగిలితే ఉబ్బి పగులుతుంది. గుడ్డ కింద కారే నీళ్లు నీలంగా కనపడ్డాయంటే వెంటనే ఆపు. కడగకుండానూ వదలకు, సోడా మిగిలితే ఆ క్షారానికి రంగు తర్వాత వెలిసిపోతుంది.

పొడి చేసి అమ్మేట్టయితే ముద్దను మురుకుల గొట్టంలో పెట్టి సన్నగా ఒత్తి ఎండబెడతాం. మొదట్లో నేను వడియాల్లాగా రేకు మీద, నిండు ఎండలో ఒత్తాను. రెండు గంటల్లో ఎండాయి కానీ రంగు బూడిదకు తిరిగింది, ఎండుచేపల వాసన. 45 డిగ్రీలు దాటితే ఫైకోసయనిన్ చెడటం మొదలవుతుంది, ఎండ వెలుగు తగిలితే ఇంకా త్వరగా. ఇప్పుడు నీడలో, నల్లగుడ్డ కప్పిన జల్లెడ పళ్లేల మీద, ఫ్యాను గాలికి పెడుతున్నాను. మన పొడిగాలికి ఐదారు గంటల్లో చిటుక్కున విరుగుతుంది. ఎండాకాలం మనకు చేసే మేలేదైనా ఉంటే అది ఈ పొడిగాలే.

రంగే తీయాలంటే ఎండబెట్టడమెందుకు? కడిగిన ముద్దను నేరుగా డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించు, తీసి కరగనీ, మళ్లీ గడ్డకట్టించు. మూడుసార్లు చేస్తే మంచు సూదులు కణం గోడలను చీల్చేస్తాయి. దాన్ని చల్లటి నీళ్లలో కలిపి, పీహెచ్ 6, 7 మధ్య ఉంచి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున వడగట్టు. పచ్చది కణం ముక్కలతోపాటు అడుగున ఉండిపోతుంది, నీలం నీళ్లతో వస్తుంది. గాజు గ్లాసులో పోసి ఎండకు పట్టి పక్క నుంచి చూడు. ఎర్ర మెరుపు ఉంటే ప్రొటీన్ బాగుంది. అదే గ్లాసును వేడినీళ్లలో పెట్టి పది నిమిషాలాగు, మెరుపు పోయి నీలం మాసిపోతుంది. ఒక్కసారి కళ్లారా చూస్తే మళ్లీ జీవితంలో ఎండలో ఆరబెట్టవు.

కంటితో చూసింది చాలదు, కొనేవాడు అంకెలు అడుగుతాడు. నువ్వు చదివిన కాలేజీకి పోయి రంగు ఎంత వెలుతురును పీలుస్తుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటరు పది నిమిషాలు అడుక్కో. వెలుగు తరంగదైర్ఘ్యం 615, 652 నానోమీటర్ల దగ్గర రీడింగు తీయి. 652 అంకెను 0.474తో గుణించి, 615 అంకెలోంచి తీసేసి, 5.34తో భాగిస్తే మిల్లీలీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల ఫైకోసయనిన్ ఉందో వస్తుంది. ఉదాహరణకు గ్రాము పొడిని 100 మిల్లీలీటర్లలో నానబెట్టి, పదింతలు పలచన చేస్తే 0.60, 0.20 వచ్చాయనుకో. లెక్క 0.0946 వస్తుంది. పదింతల పలచన కాబట్టి 0.946, వంద మిల్లీలీటర్లకు 94.6 మిల్లీగ్రాములు, అంటే పొడిలో దాదాపు తొమ్మిదిన్నర శాతం. ఇంకోటి, 620 దగ్గరి అంకెను 280 దగ్గరి అంకెతో భాగిస్తే స్వచ్ఛత. 0.7 ఉంటే ఆహారపు రంగు స్థాయి. ల్యాబుల్లో వాడే సరుకుకు 4 దాటాలి, ఆ రేటు చూపించి నీకు ఆశ పెడుతున్నారు. మనం ఇంట్లో తీసేది దాని దరిదాపుల్లో ఉండదు.

ఇప్పుడు డబ్బు లెక్క. చిన్న తొట్లలో రోజుకు చదరపు మీటరుకు 7 గ్రాముల పొడి వస్తే బాగా చేసినట్టే. ఇరవై మీటర్లకు 140 గ్రాములు. అందులో 12 శాతం నీలం ఉంటే 17 గ్రాములు. ఇంటి పద్ధతిలో సగం చేతికి వస్తే ఎనిమిది గ్రాములు. నెలకు పాతిక రోజులు నడిచినా మూడున్నర కిలోల పొడి, లేదంటే 200 గ్రాముల ముడి నీలం. 2013లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ స్పిరులినా సారాన్ని మిఠాయిల్లో, చూయింగ్ గమ్‌లో రంగుగా ఒప్పుకున్నాక పెద్ద కంపెనీలకు ఈ నీలం కావాలి, నిజమే. వాళ్లకు కావలసింది టన్నుల్లో, ప్రతి బ్యాచీ ఒకే గాఢతతో. 2025లో గాల్డీరియా అనే మరో నాచు నుంచి తీసిన నీలానికి కూడా అక్కడ అనుమతి వచ్చింది, అంటే పోటీ ఇంకా పెరుగుతుంది. మన 200 గ్రాముల కోసం ఎవరూ నార్కట్‌పల్లి రారు.

అందుకే ఆ కంపెనీ మాట నమ్మొద్దంటున్నా. "సరుకంతా మేమే కొంటాం" అన్నవాళ్లకు నేను కూడా ఒకప్పుడు లక్షా ఇరవై వేలు కట్టాను. పేరు చెప్పను. మొదటి ఆరు కిలోలు కొన్నారు, రెండోసారి తేమ ఎక్కువుందన్నారు, మూడోసారి ఫోను ఎత్తలేదు. వాళ్ల లాభం పొడి మీద ఉండదు, నీకు అమ్మే కిట్టు మీద ఉంటుంది. నీకు ఇంకా అనుమానముంటే ఒక్కటి అడుగు: కిట్టు డబ్బు ఇప్పుడు కాకుండా సరుకు కొన్నప్పుడల్లా కొంత పట్టుకుంటారా అని. ఫోను పెట్టేస్తారు.

మీ మేనమామకు మాత్రం సూటిగా చెప్పు, నూలుకు వద్దు. నీలిమందు దారి వేరు. అది దారం లోపలికి దిగి, గాలి తగిలాక అక్కడే కరగని నీలంగా గట్టిపడుతుంది. మనది ప్రొటీన్, సబ్బునీళ్లకు, ఎండకు, వేడికి దేనికీ ఆగదు. పుట్టపాక తేలియా రుమాలు నేసేవాళ్లు దారాన్ని నూనెలో, బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టేది రంగు తరాలపాటు నిలవాలని. అలాంటి చేతుల్లో రెండు ఉతుకులకు పోయే రంగు పెట్టడం పాపం. లడ్డూ వేడి పాకంలో వేసినా మిగలదు, నిమ్మ సోడాలో వేస్తే పులుపుకు విరిగి అడుక్కి దిగుతుంది. కుల్ఫీ, ఐస్‌క్రీమ్, కేకు మీది చల్లటి క్రీము, వీటిలో బాగా నిలుస్తుంది. చక్కెర ఎక్కువున్న చోట ఇంకా గట్టిగా నిలబడుతుంది. జనానికి అమ్మే ముందు ఫుడ్ సేఫ్టీ లైసెన్సు కావాలి, పొడికా, రంగుకా ఏ కోవలో ఇస్తారో అధికారి దగ్గర రాతపూర్వకంగా తీసుకో.

నేనైతే నీ స్థానంలో ఈ ఏడు ఒకే ఒక్క తొట్టి, అదీ పది చదరపు మీటర్లది వేస్తాను. మొదటి సీజనంతా పచ్చ పొడి మీదే ఉండి, రంగు తీయడం ఫ్రిజ్‌లో చిన్న గిన్నెతో నేర్చుకుంటాను. బత్తాయి నేలను వదిలేయకు, వాన నీటి కుంట తవ్వితే దానికీ పనికొస్తుంది. నాన్నను కూడా ఒకసారి కూర్చోబెట్టి ఈ లెక్క చూపించు, బోరు కింద బతికిన మనిషికి ఆవిరి లెక్క నీకంటే ముందు అర్థమవుతుంది.

బోరు నీళ్ల రిపోర్టు వచ్చాక ఫ్లోరైడ్, కాల్షియం అంకెలు రాసి పంపు. కాల్షియం ఎంతుందో చూశాక, వాన నీళ్లలో బోరు నీళ్లు ఎన్నో వంతు కలపొచ్చో లెక్కగట్టి చెప్తాను.